రోజూ ఒక రాత పీరియడు

ఐదో తరగతి వ్యాసాల నోటుపుస్తకాలు ఓ పది తెరిచి చూడండి. పదింటిలోనూ ఆవు సాధుజంతువే, సంక్రాంతి పెద్ద పండుగే, చెట్లు ప్రాణవాయువు ఇచ్చేవే. అక్షరం తేడా ఉండదు. పదిమందీ దించుకున్నది ఒకే బోర్డు మీద నుంచి, బోర్డు మీదికి ఎక్కింది గైడులోంచి. మా పిల్లలకు సొంతంగా రాయడం రాదని స్టాఫ్‌రూమ్‌లో వాపోతుంటాం గానీ, వాళ్లను సొంతంగా రాయమని అడిగిందెప్పుడు? దించమన్నాం, దించారు.

ప్రాథమిక బడుల్లో పనిచేసే ఎస్‌జీటీలకూ, హైస్కూలు తెలుగు టీచర్లకూ నేను చెప్పదలచింది ఒక్కటే. పిల్లలు రాస్తున్నప్పుడే మీరు వాళ్ల పక్కన ఉండాలి. రాసేశాక సంచిలో ఇంటికి మోసుకెళ్లి ఎర్రసిరాతో దిద్దితే ఒరిగేది చాలా తక్కువ. నెలకో వ్యాసం రాయించే పద్ధతిలో అలా పక్కన ఉండటానికి సందు దొరకదు. అందుకే రోజూ ఒక పీరియడు కావాలి.

ఈ పద్ధతికి అమెరికాలో రైటింగ్ వర్క్‌షాప్ అని పేరు. న్యూహాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డొనాల్డ్ మర్రే, డొనాల్డ్ గ్రేవ్స్ అనే ఇద్దరు దీనికి పునాది వేశారు. మర్రే పాఠాలు చెప్పడానికి ముందు పత్రికా రచయిత. బోస్టన్ హెరాల్డ్‌లో రాసిన సంపాదకీయాలకు 1954లో పులిట్జర్ బహుమతి అందుకున్నాడు. పత్రికాఫీసులో ఎవరూ ఒక్క ఊపున రాసి చేతులు దులుపుకోరు. రాస్తారు, పక్కవాళ్లకు చూపిస్తారు, కొట్టేస్తారు, మళ్లీ రాస్తారు. బడిలో మాత్రం మొదటిసారి రాసిందే ఆఖరు రాత, మార్కులు దానికే. చేతికొచ్చిన రాతకు మార్కులెయ్యడం మాని, రాసే క్రమాన్ని నేర్పమని మర్రే 1972లో ఒక చిన్న వ్యాసంలో వాదించాడు. గ్రేవ్స్ 1978 నుంచి 1980 దాకా అట్కిన్సన్ అనే ఊరి ప్రాథమిక బడిలో, పిల్లలు రాస్తుంటే వాళ్ల పక్కన కూర్చుని గమనించాడు. ఆ గమనికల సారం 1983లో పుస్తకమై వచ్చింది. తర్వాత మెయిన్ రాష్ట్రంలో నాన్సీ ఆట్వెల్ అనే టీచరు ఈ పద్ధతిని ఎనిమిదో తరగతి పిల్లలతో నడిపి 1987లో పుస్తకం రాసింది. 2015లో మొట్టమొదటి గ్లోబల్ టీచర్ ప్రైజ్ ఆమెకే వచ్చింది.

వర్క్‌షాప్ అంటే మనకు సమావేశాలు, బ్యానర్లు, భోజనాలు గుర్తొస్తాయి. ఇక్కడ ఆ మాటకు అర్థం టైలరు కొట్టు. కొత్తగా చేరిన కుర్రాడికి మేస్త్రి ఉపన్యాసమివ్వడు. కాజాలు కుట్టమని గుడ్డ చేతికిస్తాడు. తన కత్తిరింపు తాను చేసుకుంటూనే మధ్యలో ఓ కన్నేసి, ‘అక్కడ దారం బిగించు’ అంటాడు. కుర్రాడు ఆ కుట్టు అప్పుడే సరిచేసుకుంటాడు.

రోజూ అనగానే వచ్చే మొదటి అభ్యంతరం సిలబస్. ఒక వారం పాటు మీ తెలుగు పీరియడ్లలో ప్రశ్న-జవాబులు దించుకోవడానికీ చూచిరాతకూ ఎన్ని నిమిషాలు పోతున్నాయో గడియారం పెట్టి లెక్కేయండి. కావలసిన సమయం చాలామటుకు అందులోనే దొరుకుతుంది. హైస్కూల్లో ఆరు రోజులూ కుదరదనుకుంటే నాలుగు రోజులకు తగ్గకుండా చూసుకోండి. గ్రేవ్స్ పెట్టిన హద్దు కూడా అదే. దీనికో కారణముంది. రేపు మళ్లీ రాత పీరియడు ఉందని తెలిసిన పిల్లవాడు సాయంత్రం చెరువుగట్టు మీద పామును చూసినప్పుడే ‘ఇది రేపు రాయాలి’ అనుకుంటాడు. వచ్చే నెల ఎప్పుడో వ్యాసం ఉందని తెలిసినవాడికి ఆ పాము పామే.

నలభై నిమిషాలను ఇలా పంచుకోవచ్చు. మొదటి ఏడు నిమిషాలు చిన్న పాఠం. తర్వాత హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ పిలిచి ఇవాళ ఏం రాస్తున్నారో అడిగి, ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. ఆట్వెల్ రోజూ చేసిన పని ఇది, మూడు నిమిషాల్లో అయిపోతుంది. ‘మేకపిల్ల కథ, రెండో పేజీ’, ‘నిన్నటిది కొట్టేసి మళ్లీ మొదలుపెట్టా’, ఇలా ఒక్క ముక్క చాలు. ఏమీ తోచలేదన్నవాళ్ల పేర్లు విడిగా రాసుకుంటే ముందు ఎవరి దగ్గరికెళ్లాలో తేలిపోతుంది. ఆ తర్వాత ఇరవై రెండు నిమిషాలు రాత. చివరి ఎనిమిది నిమిషాలు ఇద్దరో ముగ్గురో తాము రాసింది చదివి వినిపిస్తారు.

ఆ ఇరవై రెండు నిమిషాల్లో మొదటి ఐదు గది నిశ్శబ్దంగా ఉండాలి. అప్పుడు మీరూ రాయాలి. రికార్డులు రాయడం, మధ్యాహ్న భోజనం లెక్కలు చూడటం లెక్కలోకి రావు. మీ చిన్నప్పటి బడి గురించో, పొద్దున బస్సులో జరిగిన గొడవ గురించో బోర్డు మీద పిల్లలకు కనిపించేలా రాయండి. ఒక వాక్యం నచ్చక కొట్టేయండి. పెద్దవాళ్లు కొట్టివేతలు చేయడం మన పిల్లలు ఎన్నడూ చూసి ఉండరు. రాత అంటే పుస్తకంలో అచ్చయి వచ్చేదనే వాళ్ల నమ్మకం. టీచరు తడబడి, ఆగి, మాట మార్చుకోవడం చూస్తే వాళ్లకు కలిగే ధైర్యం ఏ ప్రోత్సాహక ప్రసంగంతోనూ రాదు.

మిగిలిన పదిహేడు నిమిషాలు మీరు బెంచీల మధ్య తిరుగుతారు. ఒక్కొక్కరి దగ్గర రెండు నిమిషాలు ఆగితే అటూఇటూ నడక పోను రోజుకు ఏడుగురు. ఆరు రోజులకు నలభై రెండు మంది. అంటే నలభై మంది తరగతిలో కూడా వారానికోసారి ప్రతి పిల్లవాడితో వాడి రాత గురించి విడిగా మాట్లాడినట్టే. ఇంట్లో కూర్చుని నలభై పుస్తకాలు, ఒక్కోదానికి మూడు నిమిషాల చొప్పున దిద్దితే రెండు గంటలు. అంతా చేశాక పిల్లవాడు చూసుకునేది కింద వేసిన మార్కునో, గుడ్‌నో మాత్రమే.

ఆ రెండు నిమిషాల మాటలోనే అసలు బోధన ఉంది. ఉదాహరణకు ఒక అమ్మాయి ఇలా రాసిందనుకోండి: ‘మా ఊరిలో ప్రతి సంవత్సరము జాతర జరుగును. ప్రజలు అధిక సంఖ్యలో వచ్చెదరు. అందరూ ఆనందముగా ఉందురు.’

‘నువ్వెళ్లావామ్మా జాతరకి?’

‘ఆఁ, వెళ్లాను టీచర్. మా తమ్ముడు తప్పిపోయాడు.’

‘అయ్యో, ఎక్కడ?’

‘రంగులరాట్నం కాడ. చెయ్యి వదిలేశానని మా నాన్న నన్ను తిట్టాడు. వాడేమో బూరల బండి పక్కన కూచుని జీళ్లు తింటా ఉన్నాడు.’

‘బూరల బండి పక్కనా! మరి ఇదంతా నీ రాతలో ఏదీ?’

‘అది కూడా రాయొచ్చా?’

రాయొచ్చని చెప్పి మీరు లేచి పక్క బెంచీకి వెళ్లిపోవాలి. అక్కడే నిలబడితే ఆ పిల్ల మీ మొహం చూస్తూ కూర్చుంటుంది. ‘జరుగును’ను ‘జరుగుతుంది’గా మార్చమని ఆ క్షణంలో చెప్పకండి. తమ్ముడు తప్పిపోయిన సంగతి రాయడం మొదలుపెడితే ‘తప్పిపోయెను’ అని ఆ పిల్లే రాయదు.

దీనికి కొన్ని కట్టుబాట్లు పెట్టుకోవాలి. పిల్లల పెన్ను మీరు తీసుకోకూడదు. తీసుకున్న మరుక్షణం ఆ రాత మీది. నిలబడి మాట్లాడకుండా బెంచీ చివర కూర్చోండి, లేదా మోకాళ్ల మీద వంగండి. ముందు సంగతి అడగండి, తర్వాతే వాక్యం. వాళ్లు చెప్పింది మీ నోటితో మళ్లీ చెప్పండి. తను చెప్పింది ఎదుటి మనిషికి ఎలా చేరిందో అప్పుడు వాళ్లకు వినిపిస్తుంది. ఒక రాతకు ఒక్క సూచన. రెండోది నోటిదాకా వస్తుంది, మింగేయండి. అన్నిటికంటే కష్టమైనది ఇదేనని నా అభిప్రాయం. మన వృత్తి మనకు తప్పు చూసే కన్నే ఇచ్చింది.

చిన్న పాఠంలో ఏం చెప్పాలో వెతుక్కోనక్కర్లేదు, ముందురోజు రాతలే చెబుతాయి. మన పిల్లల తెలుగులో తరచూ ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి. ప్రతి వాక్యం ముందూ ‘తర్వాత’ పెడతారు. లేచి, కడుక్కొని, తిని, వెళ్లి అంటూ క్రియలను గొలుసులా అల్లుకోవచ్చని చూపిస్తే సగం ‘తర్వాత’లు పోతాయి. అయితే వారం తిరిగేసరికి పేజీ పొడవునా ఒకే వాక్యం వస్తుంది. అప్పుడు గొలుసును ఎక్కడ తెంచాలన్నది ఇంకో పాఠం. ఎవరో అన్న మాటను ‘అని’తో ఎలా ముగించాలి, కొటేషన్ గుర్తులు ఎక్కడ పెట్టాలి అన్నది మరొకటి. ‘చాలా బాగుంది’ అని రాసినచోట ఏం జరిగితే బాగుందనిపించిందో రాయమనడం ఇంకొకటి. ‘మా ఊరు చాలా అందమైన ఊరు’ అనే మొదటి వాక్యాన్ని కొట్టేసి, రెండో వాక్యంతో మొదలుపెట్టి చూడమంటే చాలాసార్లు అది మేలైన ఎత్తుగడ అవుతుంది. ఒక రోజుకు ఒక్క పాఠం, దానికి ఒక్క ఉదాహరణ. ఏడు నిమిషాలు ఇరవై అయ్యాయంటే అది మళ్లీ పాత పీరియడే.

తప్పుల సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. ఒత్తులు వదిలేయడం, దీర్ఘాలు తారుమారు కావడం, ల-ళ, న-ణ, శ-ష-స కలిసిపోవడం, ‘భ’ రాయాల్సినచోట ‘బ’ రాయడం ప్రతి తరగతిలోనూ ఉంటాయి. రాసేటప్పుడు అనుమానం వచ్చిన మాట కింద గీత గీసి ముందుకు పోవాలన్నది మొదటి వారమే నేర్పండి. లేదంటే ప్రతి రెండు నిమిషాలకూ ఎవరో ఒకరు లేచి ‘సార్, విద్యార్థికి ద్య ఎట్లా రాయాలి?’ అని అడుగుతారు. అడిగినవాడి ఆలోచన తెగుతుంది, మీరు పక్కవాడితో మాట్లాడే మాటా తెగుతుంది. శనివారం రాత పీరియడును సరిచూసుకోవడానికి కేటాయించండి, మీ రెండు నిమిషాల మాటలు మాత్రం ఆ రోజూ ఆపకండి. గీత గీసిన మాటల్ని పిల్లలు పాఠ్యపుస్తకంలోనో, గోడకు వేలాడదీసిన మాటల పట్టీలోనో వెతికి సరిచేసుకుంటారు. నోటుపుస్తకం చివరి పేజీలో ఎవరి మాటల జాబితా వాళ్లు రాసుకుంటారు. తరగతిలో ఎక్కువమంది ఒకే తప్పు చేస్తుంటే అది సోమవారం చిన్న పాఠం. బయటికి వెళ్లే రాత, అంటే గోడపత్రికకో ప్రార్థన సమావేశానికో వెళ్లేది మాత్రం తప్పులేకుండా ఉండాలి. రోజువారీ రాతకు ఆ షరతు పెడితే పిల్లలు తమకు కచ్చితంగా వచ్చిన మాటలే వాడతారు. ‘గుమ్మడికాయ’ రాయడం రాదని ‘పండు’ అని సరిపెట్టుకుంటారు.

ఒకటి, రెండు తరగతుల పిల్లలు బొమ్మ గీసి, దాని గురించి మీకు చెప్పి, కింద వచ్చినంత రాస్తారు. ‘అమ్మ’ను ‘అమ’ అనీ, ‘బస్సు’ను ‘బసు’ అనీ రాస్తే బెంగ పడకండి. ఆ పిల్లకు ధ్వనులు తెలుసు, ఒత్తు ఇంకా చేతికి రాలేదంతే. కానీ ఇక్కడో హెచ్చరిక చెప్పాలి. రోజూ రాయిస్తే అక్షరాలూ గుణింతాలూ వాటంతట అవే వచ్చేస్తాయని ఎవరైనా అంటే నమ్మకండి. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీలో లూసీ కాల్కిన్స్ దశాబ్దాలపాటు వర్క్‌షాప్ పద్ధతిని ప్రచారం చేసింది. ఆమె రూపొందించిన పఠన పాఠ్యక్రమం అక్షరాలకూ ధ్వనులకూ ఉన్న సంబంధాన్ని క్రమంగా, నేరుగా నేర్పదన్న విమర్శ పెరిగి పెరిగి, చివరికి 2023లో కాలేజీ ఆ ప్రాజెక్టును మూసేస్తున్నట్టు ప్రకటించింది. రాత పీరియడు వేరు, అక్షరాలు నేర్పే పీరియడు వేరు. రెండూ కావాలి. గుణింతాలు రాని ఐదో తరగతి పిల్లవాడికి అవి విడిగా కూర్చోబెట్టి నేర్పాల్సిందే. అయితే అవి వచ్చేదాకా ఆగకుండా, వాడు నోటితో చెప్పింది మీరో తోటి పిల్లవాడో రాసిపెడితే, తన మాటల్నే తను చదువుకుంటాడు.

ఇక భాష. పాలమూరు పిల్లవాడు ‘పోయిండు’ అని రాస్తాడు, శ్రీకాకుళం పిల్ల తన యాసలో రాస్తుంది. మనుషులు మాట్లాడే చోట ఆ మాటలు అలాగే ఉండనివ్వండి, అవే కథకు ప్రాణం. పరీక్ష పేపర్లో రాసే తెలుగు ఇంకో రకమని దాపరికం లేకుండా చెప్పి, అదీ నేర్పండి. పదేళ్ల పిల్లలు రెండు తెలుగుల మధ్య తేలిగ్గానే అటూఇటూ నడుస్తారు. 1910ల్లో గిడుగు రామమూర్తి గ్రాంథికవాదులతో చేసిన పోరాటం చాలామటుకు బడిపిల్లలు పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నదాని చుట్టూనే నడిచింది. వందేళ్లు దాటాక కూడా జాతర పిల్ల ‘వచ్చెదరు’ అని రాస్తోందంటే తప్పు ఆ పిల్లది కాదు, మన బోర్డుది. అదే గిడుగు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం పుస్తకాలు రాసి బడులు నడిపాడని ఏజెన్సీ టీచర్లు గుర్తుంచుకుంటే మంచిది. కోయ, గోండి, లంబాడీ పిల్లల తొలి రాతలు తెలుగు లిపిలో వాళ్ల మాటలతోనే మొదలైతే అడ్డు చెప్పకండి. ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు చదువుతున్న పిల్లలు ఇంగ్లీషు రాతను కూడా ముందు తెలుగులో చిత్తుగా రాసుకోనివ్వండి.

సొంత సంగతి రాయమన్నప్పుడు ఇంటి సంగతులు బయటికొస్తాయి. తాగొచ్చే తండ్రి, అప్పులవాళ్లు, అమ్మ ఏడుపు. రాసినవాళ్లు ఒప్పుకోకుండా దేన్నీ తరగతిలో చదవకండి, స్టాఫ్‌రూమ్‌లో అసలే వద్దు. ఎవరూ చదవకూడదనుకున్న పేజీని మడత పెట్టుకోవచ్చని ముందే చెప్పండి. పిల్లలకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం గుట్టుగా ఉంచేది కాదు, 1098కి ఫోన్ చేయాలి. లైంగిక వేధింపు అని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం మీ బాధ్యత. ‘ఇంటి పరువు’ అనే మాట అక్కడ చెల్లదు.

రాసినవాటికి చదివేవాళ్లు కావాలి. గోడపత్రిక చాలు, కుట్టిన లిఖిత పత్రిక ఉంటే మరీ మంచిది. దినపత్రికల పిల్లల పేజీలకు పంపడం గురించి నాకు కాస్త అనుమానముంది. పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆరాటం మొదలయ్యాక పాత కథల్ని పేర్లు మార్చి రాసుకొచ్చే పిల్లలు బయల్దేరతారు. పోటీలకని టీచరే కథను తిరగరాసి పిల్లల పేరు పెట్టడం కూడా చూస్తున్నాం. పదకొండేళ్ల పిల్ల ‘మానవీయ విలువలు’ అని రాసిందంటే అందులో ఎవరి చెయ్యి ఉందో చదివేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

తనిఖీకి వచ్చినవాళ్లు పుస్తకం తిప్పి ‘దిద్దలేదేం?’ అంటారు. దానికి ముందే సిద్ధంగా ఉండండి. మీరు మాట్లాడిన రోజున పిల్లల పేజీ అంచున తేదీ వేసి, ఏం మాట్లాడారో నాలుగు మాటల్లో రాయండి: ‘తమ్ముడి సంగతి కలపమన్నాను.’ నోటుపుస్తకం మొదటి పేజీలో ఇప్పటిదాకా చెప్పిన చిన్న పాఠాల జాబితా ఉండాలి. స్వీయరచన, సృజనాత్మకత అనే శీర్షికలు పాఠ్యపుస్తకం అభ్యాసాల్లో ఎలాగూ ఉన్నాయి. మీరు చేస్తున్నది ఆ పనేనని పాఠ్య ప్రణాళికలో అవే పేర్లతో రాయండి. హెచ్‌ఎంతో ముందుగా ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే సగం ఇబ్బంది తీరిపోతుంది. రెండు మూడు తరగతులను ఒక్కరే చూసుకునే బడిలో ఈ పద్ధతి ఇంకా తేలిక. ఎవరి రాత వాళ్లదే కాబట్టి, మూడో తరగతినీ ఐదో తరగతినీ ఒకే గదిలో రాయించవచ్చు.

నోటుపుస్తకాలు బడిలోనే అట్టపెట్టెలో ఉంచండి. ఇంటికి వెళ్తే మర్నాడు పదిమందివి రావు. మొదటి వారమంతా రాతకన్నా మాటలే ఎక్కువ సాగాలి. దెబ్బ తగిలిన రోజు, పోగొట్టుకున్న వస్తువు, భయపెట్టిన కుక్క, నాయనమ్మ చెప్పిన అబద్ధం, ఇలా నోటితో చెప్పించి, చెప్పినవాటి జాబితా నోటుపుస్తకం రెండో పేజీలో రాయించండి. ‘ఏమీ తోచట్లేదు సార్’ అన్న ప్రతిసారీ ఆ పేజీ తెరవమనడమే మీ జవాబు. రెండో వారంలో అందరూ మూడు లైన్లు రాసి ‘అయిపోయింది’ అంటారు. అప్పుడు ఇంకా రాయమని బతిమాలకుండా, ఆ మూడు లైన్లలో మీకు అర్థం కానిదొకటి అడగండి. మొదలుపెట్టడానికి జూన్ మంచిది. అది దాటిపోతే దసరా సెలవుల తర్వాత. సంక్రాంతి వెళ్లాక వద్దు, అప్పటికి పరీక్షల హడావుడి మొదలవుతుంది. ఆ ఒత్తిడిలో మొదట ఎగిరిపోయేది ఈ పీరియడే.